మనసు విరిగినవారికి తోడుండే యాప్‌ను తయారుచేయడం ఎలా?

హన్మకొండ, కాజీపేట, వరంగల్ కాలేజీల్లో మేజర్ ప్రాజెక్టుల అంశాలు ఖరారయ్యే రోజులు దగ్గరపడగానే నాకు వచ్చే ప్రశ్నల్లో ఒకటి ఏటా మారకుండా ఉంటుంది: ప్రేమ తెగిపోయి కుంగిపోయినవారికి సాయపడే యాప్ చేయాలనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి? కరీంనగర్, జగిత్యాల వైపు నుంచి హాస్టల్ వార్డెన్లూ, అధ్యాపకులూ ఇదే అడుగుతున్నారు. విడివిడిగా జవాబు చెప్పే బదులు, మొదటి కాగితం నుంచి ప్లే స్టోర్ దాకా చేయవలసిన పనిని వరుసగా ఇక్కడ రాస్తున్నాను.

పని మొదలుపెట్టే ముందు ఒక్క విషయం తేల్చుకోండి. ఈ యాప్ ఒక మనిషిని ఒక గడ్డు గంట దాటించి, ఆ తర్వాత ఫోన్ పక్కన పెట్టించడానికి ఉద్దేశించినది. వాడేవారు ఎంతసేపు లోపలే ఉంటే అంత లాభం అనుకునే యాప్‌ల పద్ధతులేవీ దీనికి పనికిరావు. మీ బృందంలో ఎవరికైనా ఈ మాట నచ్చకపోతే వేరే అంశం ఎంచుకోవడమే మంచిది, ఎందుకంటే కింద చెప్పే నిర్ణయాలన్నీ దీని మీదే నిలబడతాయి.

కావలసినవి

- కోడ్ రాయగలవారు ఒకరిద్దరు. ఫ్లట్టర్ గానీ కోట్లిన్ గానీ, ఏది వస్తే అది చాలు.
- మంచి తెలుగు రాయగలిగినవారు ఒకరు. ఈ పనిని చివరి వారంలో ఎవరికో ఒకరికి అప్పజెప్పే పనిగా చూడకండి.
- మానసిక ఆరోగ్య నిపుణులు ఒకరు. క్లినికల్ సైకాలజిస్టు గానీ సైకియాట్రిస్టు గానీ అయి ఉండాలి. వరంగల్‌లోనైతే ఎంజీఎం ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో, మీ గైడ్ ద్వారా, అధికారిక లేఖతో అడగండి. నిపుణులు దొరకకపోతే 5వ మెట్టులో చెప్పే హెల్ప్‌లైన్ నంబర్ల తెర తప్ప వైద్యానికి సంబంధించినదేదీ యాప్‌లో పెట్టకండి.
- తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోన్ ఒకటి. మీ సొంత కొత్త ఫోన్‌లో మాత్రమే చూసి సరిపెట్టుకోవద్దు.
- నోటో సాన్స్ తెలుగు వంటి యూనికోడ్ ఫాంటు.
- ప్లే స్టోర్‌లో పెట్టాలనుకుంటే డెవలపర్ ఖాతా. దీనికి ఒక్కసారి చెల్లించవలసిన రుసుము 25 డాలర్లు.

సర్వర్, క్లౌడ్ డేటాబేస్, లాగిన్ పేజీ ఈ జాబితాలో లేవని గమనించే ఉంటారు. అవి అక్కర్లేదు. ఎందుకో 6వ మెట్టులో చెబుతాను.

1. ఎవరి కోసమో ఒక పేజీలో రాసుకోండి

"ప్రేమలో విఫలమైనవారు" అని రాస్తే సరిపోదు. ఎదుటివారు వదిలి వెళ్లినవారు, తామే వదులుకుని ఆ తప్పు తమదేనని కుమిలేవారు, ఇంట్లో ఒప్పుకోక విడిపోయినవారు, నిశ్చితార్థమై పెళ్లి పత్రికలు అచ్చయ్యాక సంబంధం చెడినవారు, విడాకులు తీసుకున్నవారు, ఎన్నడూ పైకి చెప్పని ప్రేమను లోపలే పాతిపెట్టుకున్నవారు: వీరి బాధలు ఒకదానికొకటి పోలినట్టే కనిపించినా అవసరాలు వేరు. నిశ్చితార్థం తప్పిన అమ్మాయికి రాత్రి ఒంటరితనం కన్నా, పగలు ఇంటికి వచ్చే చుట్టాల ప్రశ్నలే పెద్ద బాధ కావచ్చు. మొదటి వెర్షన్‌కు వీరిలో ఒక్క వర్గాన్ని, మహా అయితే రెండింటిని ఎంచుకోండి.

వయసు 18 ఏళ్లు, ఆ పైన అని నిర్ణయించండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారిని పిల్లలుగా చూస్తుంది. వారి సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ధ్రువీకరించదగిన రీతిలో ఉండాలని చెబుతుంది. ప్రేమ సంగతి ఇంట్లో దాచిన ఇంటర్ విద్యార్థి ఆ అనుమతి ఎలా తెస్తాడు? అయినా అలాంటివారు మీ యాప్‌ను తెరవక మానరు. కాబట్టి వయసు తక్కువని చెప్పినవారిని తలుపు మూసి పంపేయకుండా, పిల్లల హెల్ప్‌లైన్ 1098, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉన్న ఒక పేజీని చూపించండి.

2. గడ్డు గంటలను పట్టుకోండి

మొత్తం పనిలో ఎక్కువ సమయం దీనికే కేటాయించండి. చాలా బృందాలు ఈ మెట్టును గూగుల్ ఫారంతో ముగిస్తాయి, అందులో "మీరు ఎలా ఫీలవుతున్నారు?" అని అడిగితే "బాధగా" అన్న జవాబు తప్ప మరేమీ రాదు. దాని మీద ఏ తెరనూ కట్టలేరు.

విడిపోయి చాలా నెలలు గడిచి, ఇప్పుడు నిలదొక్కుకున్నవారితో మాట్లాడండి. గాయం పచ్చిగా ఉన్నవారిని మీ ప్రాజెక్టు కోసం కదిలించకండి. మాట్లాడేవారి అనుమతిని కాగితం మీద తీసుకోండి, పేర్లు రాసుకోకండి, వద్దన్న చోట ఆపేయండి. అడిగే ప్రశ్న ఇలా ఉండాలి: "అప్పట్లో బాగా కష్టంగా గడిచిన ఒక రాత్రి చెప్పండి. ఫోన్ చేతిలోకి తీసుకుని మొదట ఏం తెరిచారు? ఆ తర్వాత?"

అప్పుడు అసలు సంగతులు బయటికి వస్తాయి. రాత్రి పదకొండు దాటాక హాస్టల్ గదిలో మిగతావారు పడుకున్నాక వాట్సాప్‌లో చివరిసారి ఎప్పుడు కనిపించారో పదేపదే చూడటం. ఫోన్‌పేలో ఎవరికో డబ్బులు పంపబోతే పైవరుసలో ఆ పేరే కనిపించడం. సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర తీసుకున్న ఫొటోను మరుసటి ఏడు గ్యాలరీ తనంతట తానే పైకి తెచ్చి చూపడం. ముహూర్తాల నెలల్లో ఉమ్మడి స్నేహితుల స్టేటస్‌లో పెళ్లి పందిరి కనబడటం. ప్రతి ఆదివారం ఇద్దరూ కలిసి నడిచిన భద్రకాళి చెరువు కట్ట మీదుగానే ఇప్పుడు ట్యూషన్‌కు వెళ్లవలసి రావడం. ఇలాంటి ఒక్కో సందర్భానికీ నాలుగు గడులు గీయండి: ఏ వేళ, ఏది రేపింది, ఆ మనిషి ఏం చేశాడు, అప్పటికి ఐదు నిమిషాల్లో చేయగలిగిన మరో పని ఏమిటి. నాలుగో గడి ఖాళీగా ఉన్న సందర్భానికి యాప్‌లో చోటు లేదు. ఇంట్లో గొడవలకూ కులం పట్టింపులకూ యాప్ పరిష్కారం చూపలేదు. చూపుతుందని రాయనూ వద్దు.

3. నాలుగు తెరలకు మించకండి

తెరవగానే నాలుగు బొత్తాలు కనబడాలి; 5వ మెట్టులో చెప్పే సహాయపు బొత్తాం, దాని తెర వీటికి అదనం. నేనైతే వాటి మీద ఇలా రాస్తాను: "ఇప్పుడు మస్తు కష్టంగున్నది", "మెసేజ్ పెట్టాలనిపిస్తున్నది", "రాసుకోవాలనున్నది", "మనిషితోని మాట్లాడాలె".

మొదటి తెరలో పని శరీరాన్ని నెమ్మదింపజేయడం. నాలుగు సెకన్లు గాలి పీల్చి, ఆరు సెకన్లు వదిలేలా ఒక వలయం పెద్దదవుతూ చిన్నదవుతూ ఉండాలి. అంటే నిమిషానికి ఆరు శ్వాసలు. మూడు నిమిషాలు చాలు. హెచ్చరిక: ఆందోళన ఎక్కువైన వేళ శ్వాస మీద దృష్టి పెడితే కొందరికి ఊపిరి ఆడనట్టు మరింత కంగారు పుడుతుంది. అందుకని "ఇది వద్దు, ఇంకోటి" అన్న బొత్తాన్ని అదే తెర మీద ఉంచి, చల్లటి నీళ్లతో ముఖం కడుక్కోవడం, గదిలో కనిపించే ఐదు వస్తువుల పేర్లు మెల్లగా చెప్పుకోవడం వంటివి చూపండి.

రెండో తెర వాయిదా వేయించడానికి. పాత మనిషికి మెసేజ్ పెట్టాలన్న తహతహ పెరిగి, కొంతసేపు ఉండి, దానంతట అది తగ్గుతుంది. వ్యసనాల చికిత్సలో మనస్తత్వవేత్త అలాన్ మార్లాట్ ఈ సంగతినే పద్ధతిగా మలిచారు. కాబట్టి "పంపకండి" అని ఆజ్ఞాపించడం మాని, "పంపాలనుకున్నది ఇక్కడ రాయండి, ఇరవై నిమిషాల తర్వాత చూద్దాం" అనండి. సమయం పూర్తయ్యాక రాసింది చూపి, "ఉంచుదామా, చెరిపేద్దామా?" అని అడగండి. పంపే బొత్తాన్ని మాత్రం పెట్టవద్దు. షేర్ చేయడం, కాపీ చేయడం రెండూ ఆపేయండి. లేకపోతే మీ యాప్ అర్ధరాత్రి ఉత్తరాల కార్ఖానా అవుతుంది.

ఇదే తెరలో "దూరం పాటించడం" అన్న చిన్న సహాయ పేజీ ఉండాలి: వాట్సాప్ స్టేటస్‌ను మ్యూట్ చేయడం, చాట్‌ను ఆర్కైవ్‌లోకి పంపడం, గ్యాలరీ పాత జ్ఞాపకాలు చూపకుండా సెట్టింగు మార్చడం, ఫొటోలను తాళం ఉన్న ఫోల్డర్‌లోకి తరలించడం. "అన్నీ డిలీట్ చెయ్" అన్న సలహా వద్దు. కోపంలో చెరిపేసినవాటి కోసం తర్వాత ఏడ్చేవారుంటారు. బెదిరింపుల కేసైతే అవే సాక్ష్యాలు. ఒకే తరగతిలో కూర్చునేవారికీ, ఒకే ఆఫీసులో పనిచేసేవారికీ, పిల్లలున్న విడాకుల జంటలకూ పూర్తిగా మాట మానేయడం కుదరదు. వారికి "పని మాటలకే పరిమితం" అన్న మరో పేజీ రాయండి.

మూడో తెర రాసుకోవడానికి. మనస్తత్వవేత్త జేమ్స్ పెన్నేబేకర్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులు వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాల చొప్పున తమను కలచివేసిన అనుభవాన్ని రాశారు. ఆ తర్వాత వచ్చిన ప్రయోగాలు అన్నిచోట్లా ఒకే ఫలితం చూపలేదు, కనుక దీన్ని మందులా అమ్మకండి. మీరు తీసుకోవలసింది పరిమితిని: 15 నిమిషాలకు తెర మెల్లగా "ఇయ్యాలటికి చాలు" అనాలి. పరిమితి లేకపోతే రాత అదే గాయాన్ని మళ్లీ మళ్లీ గీరుకోవడంగా మారుతుంది. "ఎందుకు వదిలిపోయింది?" వంటి ప్రశ్నలు ఇవ్వకండి, వాటికి అంతు లేదు. "ఇవాళ తిన్నారా, ఏం తిన్నారు?", "ఈ బంధంలో మీరు మానేసిన పని ఏదైనా మళ్లీ చేయాలనుందా?" వంటివి ఇవ్వండి. రాసిందంతా ముక్కలైపోయే చెరిపివేత కూడా ఒక ఎంపికగా ఉండాలి. అది చాలామందికి నచ్చుతుంది.

నాలుగో తెరలో మనుషులు. మొదటిసారి తెరిచినప్పుడే, నెమ్మదిగా ఉన్న వేళ, వేళకాని వేళ ఫోన్ చేసినా విసుక్కోని ముగ్గురి పేర్లు ఎంచుకోమనండి. ఫోన్‌లోని నంబర్లన్నీ చదివే అనుమతి అడగకండి. ఒక్కో నంబరును ఎంచుకునే పద్ధతి చాలు. సందేశాన్ని ముందే రాసి ఉంచండి, ఎందుకంటే ఆ వేళ మాటలు కూడబలుక్కోవడమే పెద్ద పని: "అక్కా, ఖాళీగున్నప్పుడు ఒకపారి ఫోన్ చెయ్యి. మాట్లాడాలనున్నది." పంపడం మాత్రం వారి చేతులతోనే జరగాలి, యాప్ తనంతట తాను ఎవరికీ ఏమీ పంపకూడదు.

4. యాప్ మాట్లాడే భాషను కూర్చండి

ఇంగ్లిషులో రాసి తెలుగులోకి మార్చడమే నేను ఎక్కువగా చూసే పొరపాటు. "మీ భావోద్వేగ స్థితిని ఎంచుకోండి" అని రాత్రి ఒంటిగంటకు ఏడుస్తున్నవారిని అడగడం బ్యాంకు ఫారం చేతికిచ్చినట్టే ఉంటుంది. "ఇప్పుడు ఎట్లున్నది?" అని అడిగి, కింద "రంది ఎక్కువున్నది", "కోపమొస్తున్నది", "ఏం తోస్త లేదు", "కొంచెం నయమే" అని ఇవ్వండి. మన దగ్గరి మాట వద్దనుకునేవారికి సెట్టింగ్స్‌లో సాధారణ తెలుగు కూడా ఉంచండి. నిజామాబాద్‌లో స్థిరపడిన వేరే జిల్లా వారూ వాడతారు కదా.

"మీరు" అనాలా, "నువ్వు" అనాలా అన్నది మొదటి తెరలోనే వారినే అడగండి. విడిపోయినవారి గురించి చెప్పేటప్పుడు "అతను", "ఆమె" అని మీరు ఊహించి రాయకుండా అన్నిచోట్లా "తను" అని రాస్తే, వాడేవారు ఎవరైనా, ప్రేమించింది ఎవరినైనా వాక్యం చెడదు.

"అంతా మన మంచికే", "కాలమే మరిపిస్తుంది", "ఇంతకన్నా మంచి సంబంధం దొరుకుతుంది" అన్న వాక్యాలు ఏ తెరలోనూ కనబడకూడదు. ఇవన్నీ వారు ఇంట్లో రోజూ వింటున్నవే. ఎదుటి మనిషిని తిట్టే వాక్యాలు కూడా వద్దు. ఈ వారం తిట్టిన మనిషితో వచ్చే వారం రాజీపడితే మీ యాప్ ముఖం చూడలేరు.

చదవడం కష్టమనిపించేవారి కోసం ముఖ్యమైన వాక్యాలను మనిషి గొంతుతో రికార్డు చేయండి. యంత్రపు గొంతు తెలుగు ఈ పనికి నప్పదు. ప్రొఫెషనల్ స్టూడియో అవసరం లేదు, మందపాటి దుప్పటి కప్పిన గదిలో ఫోన్‌తో చేసినా సరిపోతుంది.

5. ప్రమాద సూచనలకు దారి వేయండి

ఈ మెట్టును నిపుణులు లేకుండా పూర్తి చేయకండి. ప్రేమ తెగిన బాధలో ప్రాణం మీదికి తెచ్చుకునే ఆలోచనలు కొందరికి వస్తాయి. అలాంటి ఆలోచన ఉందా అని సూటిగా, మెత్తగా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం అక్కర్లేదు. అడగకపోతేనే వారు చెప్పుకునే సందు పోతుంది.

డిప్రెషన్ లక్షణాలను కొలిచే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళిని ఎవరి అనుమతీ లేకుండా వాడుకోవచ్చు. గడిచిన రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా మార్కులు, మొత్తం 27. తెలుగు పాఠాన్ని మీరే అనువదించకండి, మీ నిపుణులు వాడే పాఠాన్నే తీసుకోండి. మొత్తం 10 గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టరును కలవమని చెప్పండి, కానీ "మీకు డిప్రెషన్ ఉంది" అని తేల్చకండి. తొమ్మిదో ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచనల గురించినది. దానికి సున్నా కాని జవాబు ఏదొచ్చినా, మొత్తం ఎంత తక్కువ ఉన్నా, తరువాతి తెర సహాయపు తెరే కావాలి.

ఆ తెరలో ఉండవలసినవి:

- 14416. ఇది 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.
- 112. ప్రాణాపాయం ఉన్నప్పుడు.
- 181. మహిళల హెల్ప్‌లైన్.
- 1930. ఫొటోలు, వీడియోలు బయటపెడతామని డబ్బుల కోసం బెదిరిస్తున్నప్పుడు సైబర్ నేరాల ఫిర్యాదుకు.
- వారు ముందుగా ఎంచుకున్న ముగ్గురు మనుషులు.

నంబరు మీద తాకగానే డయలర్ తెరుచుకుని అంకెలు సిద్ధంగా ఉండాలి. డయల్ ఇంటెంట్ (డయలర్‌ను తెరవమని ఆండ్రాయిడ్‌ను కోరే పద్ధతి) వాడితే దీనికి ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. ఈ తెరకు పిన్ అడ్డు పెట్టకండి.

నిపుణులు ఒప్పుకుంటే, బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ రూపొందించిన భద్రతా ప్రణాళిక క్రమాన్ని ఒక పేజీగా చేయండి: ముప్పు రాబోతోందని నాకు తెలిసే గుర్తులు, నేను ఒంటరిగా చేసుకోగలిగినవి, నలుగురి మధ్యకు వెళ్లగలిగే చోట్లు, సాయం అడగగలిగే మనుషులు, వైద్యుల నంబర్లు, చివరగా ఇంట్లోని ప్రమాదకర వస్తువులను నమ్మకమైన మనిషికి అప్పగించి దూరంగా పెట్టించడం. ఇది నెమ్మదిగా ఉన్న పగటిపూట నింపవలసిన పేజీ.

పోలీసు కేసు అవుతుందన్న భయంతో ఆసుపత్రికి వెళ్లనివారు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యాయత్నం చేసిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలి, వేరే రుజువైతే తప్ప విచారించి శిక్షించకూడదు. ఈ మాటను రెండు తేలిక వాక్యాల్లో సహాయపు తెర కింద రాయండి.

హెచ్చరిక: రాసుకున్నదాంట్లో "చావు" వంటి మాటలను వెతికి ప్రమాదాన్ని పసిగట్టే ఏర్పాటు మీద ఆధారపడకండి. తెలుగులో "చచ్చేంత ఇష్టం", "నవ్వలేక చచ్చాను" అని రోజూ అంటాం. పైగా సగం మంది తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లో టైపు చేస్తారు. నిజంగా ప్రమాదంలో ఉన్నవారు ఆ మాటే వాడకపోవచ్చు. అన్ని తెరల మీదా ఒకే చోట కనిపించే సహాయపు బొత్తామే నమ్మదగినది.

6. ఫోన్ వేరేవారి చేతిలో పడుతుందనే లెక్కతో కట్టండి

మన ఇళ్లలో ఫోన్ ఒక్కరిదై ఉండదు. చెల్లెలు రీల్స్ చూస్తుంది, నాన్న యూపీఐ చేయమని తీసుకుంటాడు. ఇంట్లో తెలియని ప్రేమ సంగతి యాప్ వల్ల బయటపడితే, ముఖ్యంగా అమ్మాయిల విషయంలో, నష్టం మాటలతో పోదు.

అందుకే యాప్‌కు ఇంటర్నెట్ అనుమతినే ఇవ్వకండి. యాప్ కోరే అనుమతులు రాసి ఉండే ఆండ్రాయిడ్ మ్యానిఫెస్ట్ ఫైలులో ఆ వరుస లేకపోతే, మీ బృందంతో సహా ఎవరికీ రాత చేరే దారి ఉండదు. ములుగు, భూపాలపల్లి అడవి దారుల్లో సిగ్నల్ లేనప్పుడు కూడా అన్నీ పనిచేస్తాయి. వాడే లైబ్రరీలు ఈ అనుమతిని చాటుగా చేరుస్తుంటాయి, కాబట్టి తుది ప్యాకేజీలోని మ్యానిఫెస్ట్‌ను తెరిచి చూడండి. డేటాబేస్‌కు ఎస్‌క్యూఎల్ సైఫర్‌తో తాళం వేయండి. ఆటోమేటిక్ బ్యాకప్‌ను ఆపేయండి. స్క్రీన్‌షాట్లు పడకుండా, ఇటీవలి యాప్‌ల వరుసలో లోపలి రాత కనబడకుండా సెక్యూర్ ఫ్లాగ్ పెట్టండి. "అంతా చెరిపెయ్" బొత్తాం ఒక్కసారి ధ్రువీకరణతో నిజంగానే అంతా చెరిపేయాలి.

ఐకాన్ మీద పగిలిన హృదయం బొమ్మ వద్దు. పేరులో ప్రేమ, బ్రేకప్ అన్న మాటలు వద్దు. డైరీలా, చెట్టులా సాదాగా ఉంటే చాలు. అలాగని కాలిక్యులేటర్‌లా వేషం వేయించకండి, అది ప్లే స్టోర్ నియమాలకు అడ్డుతగిలే అవకాశం ఉంది.

7. గుర్తుచేయడం మానండి

నోటిఫికేషన్లు మొదటి నుంచీ ఆగి ఉండాలి. వాడేవారే కోరితే రోజుకు ఒకటి, అదీ "నీళ్లు తాగారా?" వంటి ఎవరు చూసినా ఫరవాలేని వాక్యంతో. వరుస రోజుల లెక్కలు, పతకాలు, "7 రోజులు పూర్తి చేశారు" అన్న అభినందనలు పెట్టకండి. ఎనిమిదో రోజు పాత మనిషికి మెసేజ్ పెట్టినవారికి, ఉన్న బాధకు తోడు ఓడిపోయానన్న సిగ్గు కూడా మీరే అంటగట్టినవారవుతారు.

8. చాట్‌బాట్ గురించి

"ఏఐ చాట్‌బాట్ పెడితే ప్యానెల్‌కు నచ్చుతుంది సార్" అని ప్రతి బృందమూ అంటుంది. ప్యానెల్‌కు నచ్చుతుంది, నిజమే. కానీ దానికోసం మనిషి రాసుకున్న అతి రహస్యమైన మాటలు బయటి సర్వర్లకు పోవాలి; అది ఏ రాత్రి ఏ జవాబిస్తుందో మీరు హామీ ఇవ్వలేరు; అన్నిటికీ తలూపే దాని స్వభావం పగతో ఉన్నవారికి మరింత చేటు. 1966లో కంప్యూటర్ శాస్త్రవేత్త జోసెఫ్ వైజెన్‌బామ్ తయారుచేసిన ఎలైజా, ఎదుటివారి మాటనే ప్రశ్నగా తిప్పి అడిగే చిన్న ప్రోగ్రాం మాత్రమే. అయినా ఆయన సెక్రటరీ దానితో మాట్లాడుతూ, ఆయన్ను గదిలోంచి బయటికి వెళ్లమని కోరింది. మనిషి యంత్రానికి ఎంత తేలికగా మనసు విప్పుతాడో తెలిసినప్పుడు, దాన్ని వాడకూడని చోటూ తెలియాలి. మొదటి వెర్షన్‌లో వద్దు.

9. తెర మీద తెలుగు సరిగా నిలిచేలా చూడండి

"స్త్రీ", "స్వాతంత్ర్యం", "వైశిష్ట్యం" అన్న మాటలను అన్ని బొత్తాల మీదా వేసి చూడండి. కింది ఒత్తులు తెగిపోతుంటే వరుసల మధ్య ఎడం 1.5 రెట్లకు పెంచండి. ఫోన్ అక్షరాల పరిమాణాన్ని గరిష్ఠానికి పెంచినా బొత్తాల రాత తెగకూడదు. అక్షరాలకూ నేపథ్యానికీ మధ్య రంగుల తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5:1 ఉండాలి. తెల్లటి నేపథ్యం చీకటి గదిలో కళ్లను పొడుస్తుంది, కాబట్టి రాత్రి ముదురు రంగు తానే రావాలి.

10. పరీక్షించండి

మనుషుల మీద పరీక్ష కాబట్టి ముందుగా మీ కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోండి. పరీక్షించేవారిలో ఇటీవలే విడిపోయినవారు ఉండకూడదు. కొత్త వ్యక్తిగత డెవలపర్ ఖాతాలకు ప్లే స్టోర్ ఎలాగూ కనీసం 12 మందితో 14 రోజుల క్లోజ్డ్ టెస్టింగ్ (ఎంచుకున్నవారికి మాత్రమే ఇచ్చి చూసే పరీక్ష) అడుగుతుంది. ఆ రెండు వారాలను మొక్కుబడిగా గడపకుండా వాడుకోండి.

మీరే చేయవలసిన తనిఖీలు ఇవి. ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి అన్ని తెరలూ తిరగండి. ఎక్కడ ఆగినా అక్కడ ఏదో బయటికి పోబోతోందని అర్థం. తాళం తీసిన ఫోన్‌ను యాప్ గురించి తెలియని మిత్రునికి ఇచ్చి, అది ఏ యాపో చెప్పమనండి. చెప్పగలిగితే ఐకాన్, పేరు మార్చండి. లైట్లు ఆర్పి, ఒక్క చేత్తో, నిద్రమత్తులో సహాయపు తెరను చేరడానికి ఎన్ని తాకుళ్లు పడుతున్నాయో లెక్కపెట్టండి, ఒకటికి మించకూడదు. అంతా చెరిపేశాక ఫోన్ ఫైళ్లలో ఏ ముక్కా మిగల్లేదని చూడండి.

పరీక్షించినవారిని "యాప్ బాగుందా?" అని అడగకండి, మొహమాటానికి బాగుందనే అంటారు. ఏ తెరలో ఆగిపోయారు, ఏ వాక్యం చదివి చిరాకు పడ్డారు, తెరిచిన తర్వాత ఎవరితోనైనా మాట్లాడారా అని అడగండి. యాప్‌లో గడిపిన సమయాన్ని విజయంగా రిపోర్టులో రాయకండి. వైవాలో "యూజర్ ఎంగేజ్‌మెంట్ ఎంత?" అని తప్పక అడుగుతారు. మూడో వారానికి తెరవడం తగ్గి, సాయం అడిగే మనుషులు పెరిగారా లేదా అన్నదే మీరు పెట్టుకున్న కొలత అని, మొదటి అధ్యాయంలోనే రాసి ఉంచితే జవాబు సిద్ధంగా ఉంటుంది.

విడుదల తర్వాత

ప్లే స్టోర్‌లోని డేటా సేఫ్టీ ఫారంలోనూ, ఆరోగ్య యాప్‌ల ప్రకటనలోనూ ఉన్నదున్నట్టు నింపండి. "చికిత్స", "నయం చేస్తుంది" అన్న మాటలు వివరణలో వాడకండి. మూడు నెలలకోసారి హెల్ప్‌లైన్ నంబర్లను అధికారిక వెబ్‌సైట్లలో సరిచూసి, మార్పుంటే అప్‌డేట్ ఇవ్వండి. డిగ్రీ చేతికొచ్చి బృందం తలోదిక్కు పోయే ముందు, ఈ బాధ్యత ఎవరిదో పేరుతో సహా కాగితం మీద రాసి గైడ్ దగ్గర ఉంచండి. తీసుకునేవారు లేకపోతే యాప్‌ను ప్లే స్టోర్ నుంచి తొలగించండి. ఇప్పటికే ఫోన్లలో ఉన్నవాటి కోసం, సహాయపు తెర అడుగున "ఈ నంబర్లు ఫలానా నెలలో సరిచూసినవి" అన్న వరుసను మొదటి వెర్షన్‌లోనే పెట్టండి; ఆ తేదీకి ఏడాది దాటితే 112ను పైకి తెచ్చి చూపేలా కోడ్ రాయండి.